నడక వచ్చిన బిడ్డకూ తల్లిపాల హక్కు ఉన్నది

(తల్లిపాల వారోత్సవ ప్రసంగ పాఠం – సోలాపూర్ తెలుగు విభాగం)



ఏటేటా ఆగస్టు 1 నుండి 7 వరకు ప్రపంచ తల్లిపాల వారోత్సవం జరుగుతుంది. 1992లో ఆరంభమైన ఈ వారోత్సవంలో సాధారణంగా పురిటిబిడ్డను గురించిన మాటలే వినబడతాయి. ముర్రుపాలు పారబోయరాదని, ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మరేదీ అవసరం లేదని వైద్యులు చెబుతారు. ఆ మాటలు నేడు చాలా ఇళ్ళకు చేరినవి. చేరని మాట వేరొకటి ఉన్నది. అది ఏడాది దాటి, తప్పటడుగులు వేస్తూ, మాటలు కూడబలుక్కొంటూ, ఇంకా తల్లిపాలు తాగుతున్న బిడ్డకు సంబంధించినది.

నెలల బిడ్డ ఏడిస్తే బస్సులో పక్కవారు సర్దుకొని చోటిస్తారు. "ఆకలైనట్టున్నది, పాలియ్యమ్మా" అని పెద్దవారే హెచ్చరిస్తారు. అదే ఏడాదిన్నర బిడ్డ తల్లి కొంగు లాగి "అమ్మా, పాలు" అని అడిగినప్పుడు చుట్టూ ఉన్నవారి చూపులు మారిపోతాయి. "ఇంత పెద్దవాడికి ఇంకా పాలేమిటి? పదిమందిలో సిగ్గు లేదా?" అనే మాట ఎవరో ఒకరి నోట వస్తుంది. అడగనిదే అమ్మయినా పెట్టదని తెలుగు సామెత. బిడ్డ అడగడం నేర్చిన తరువాత, అడిగినందుకే అమ్మ పెట్టకూడదనడం ఏ న్యాయం?

ముందుగా ఆరోగ్యశాస్త్రం చెప్పే మాట తెలుసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ ఇచ్చే సలహా ఇది: మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే, ఆరు నెలలు నిండిన పిదప ఇంటి ఆహారం మొదలుపెట్టి, దానితోపాటు రెండు సంవత్సరాల వరకు, ఆపైన కూడా తల్లిపాలు కొనసాగించాలి. 12 నుండి 24 నెలల వయసులో బిడ్డకు కావలసిన శక్తిలో సుమారు మూడవ వంతు తల్లిపాల నుండే లభించగలదు. ఏడాది దాటితే ఆ పాలలో సారం ఉండదన్న మాటకు ఆధారం లేదు. జ్వరం వచ్చి, విరేచనాలు పట్టి, బిడ్డ అన్నం ముట్టని రోజున తల్లిపాలే ఆదుకొంటాయి. అయితే ఆ వయసులో పాలతోనే కడుపు నిండదు. పప్పులో మెత్తగా నానబెట్టిన జొన్నరొట్టె, నెయ్యి వేసిన అన్నం, గుడ్డు, ఆకుకూర, అరటిపండు తప్పనిసరిగా పెట్టాలి. తిండి ఒకవైపు, పాలు ఒకవైపు ఉన్నప్పుడే బిడ్డ నిలదొక్కుకొంటుంది.

నడిచే బిడ్డకు పాలివ్వడం ఆచారం కాదనేవారు పోతన భాగవతాన్ని ఒకసారి తలచుకోవాలి. యశోద పెరుగు చిలుకుతుండగా బాలకృష్ణుడు నడిచి వచ్చి, కవ్వాన్ని పట్టుకొని, పాలు కావాలని మారాము చేస్తాడు. ఆమె ఒడిలోకి తీసుకొని పాలిస్తుంది. ఇంతలో పొయ్యి మీది పాలు పొంగితే బిడ్డను దింపి లేచి వెళ్తుంది. కడుపు నిండని కృష్ణుడు కోపించి కుండ పగలగొడతాడు, రోటికి కట్టబడతాడు. దామోదరుడనే పేరుకు మూలమైన కథ ఇది. ఆ కథలోని బిడ్డ కవ్వం పట్టి ఆపగలిగినవాడు, కుండ పగలగొట్టగలిగినవాడు. అంతటి బిడ్డ పాలు తాగాడని విన్నవారెవరూ యశోదను తప్పు పట్టలేదు. గుడిలో చేతులు జోడించి విన్న కథను బస్‌స్టాండులో చూసి ముఖం చిట్లించడం తగదు.

ఈ సిగ్గు వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. పదిమందిలో ఒక మాట పడిన తల్లి మరునాటి నుండి బయలుదేరేటప్పుడు సంచిలో బిస్కెట్ పొట్లమో పాలసీసానో పెట్టుకొంటుంది. సీసా కడగడానికి, కాచిన నీరు చల్లార్చడానికి ప్రయాణంలో వీలుండదు. శుభ్రత లేని సీసా విరేచనాలకు దారి. బయట పాలివ్వడం తగ్గేకొద్దీ పాలు ఊరడమూ తగ్గుతుంది. చివరకు ఇంటిల్లిపాదీ బలవంతం చేసి, రొమ్ముకు వేపాకు ముద్ద రాయించి, ఒక్కరోజులో పాలు మాన్పిస్తారు. బిడ్డకు కలిగే బెంగ, తల్లికి కలిగే గడ్డల బాధ ఎవరి లెక్కలోనూ చేరవు.

సోలాపూర్ తెలుగు కుటుంబాలలో ఈ విషయం మరింత బరువైనది. మరమగ్గాల మీద చాదర్లు, టవళ్ళు నేసే ఇళ్ళలో స్త్రీలు తరతరాలుగా బీడీలు చుట్టి సంసారాన్ని నిలబెట్టారు. బీడీ కార్మిక స్త్రీల కోసం కుంభారి వద్ద పదివేల ఇళ్ళ కాలనీ వెలసింది. అంతటి దూరం నుండి నగరానికి వచ్చి పోవలసిన తల్లికి బస్సు, ఆసుపత్రి, రేషను దుకాణం, బీడీలు అప్పగించే చోటు, అన్నీ బహిరంగ స్థలాలే. ఇంటి నాలుగు గోడల మధ్యనే పాలివ్వాలన్న నియమం పెడితే, ఆ తల్లి బిడ్డ రోజులో సగభాగం పాలకు దూరమవుతుంది. చేట ముందు కూర్చొని పనిచేసే తల్లులు ఒక జాగ్రత్త పాటించాలి: పొగాకు దుమ్ము అంటిన చేతులను సబ్బుతో కడుక్కొని, వీలైతే పైబట్ట మార్చుకొని, చేటకు దూరంగా కూర్చొని బిడ్డను ఒడిలోకి తీసుకోవాలి.

ఇక చట్టం సంగతి. బహిరంగ స్థలంలో బిడ్డకు పాలివ్వడం నేరమని చెప్పే సెక్షన్ భారతదేశంలో ఏదీ లేదు. 2018లో, పాలిస్తున్న స్త్రీ చిత్రాన్ని ముఖపత్రంగా వేసిన ఒక పత్రికపై ఫిర్యాదు వచ్చినప్పుడు, దానిని అశ్లీలమనడానికి కేరళ హైకోర్టు అంగీకరించలేదు. 2021 సెప్టెంబరులో పొరుగున ఉన్న కర్ణాటక హైకోర్టు, బిడ్డ కన్నతల్లికి చెందాలా పెంచిన తల్లికి చెందాలా అన్న వివాదాన్ని విచారిస్తూ, పాలివ్వడం తల్లికి విడదీయరాని హక్కు అని చెప్పింది. పాలు పొందే బిడ్డ హక్కును కూడా దానితో కలిపి చూడాలని, ఇవి రాజ్యాంగం 21వ అధికరణం కాపాడే జీవించే హక్కులో భాగమని వివరించింది.

2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, బహిరంగ స్థలాలలో పాలిచ్చే గదులు కోరుతూ వచ్చిన వ్యాజ్యంలో మరొక అడుగు ముందుకు వేసింది. ఈ విషయమై కేంద్రం 2024 ఫిబ్రవరిలో రాష్ట్రాలకు పంపిన సలహాను అమలుచేయాలని, ఉన్న ప్రజాభవనాలలో వీలైనంతవరకు, కట్టబోయే భవనాలలో ముందుగానే, తల్లులకు చోటు కేటాయించాలని సూచించింది. బహిరంగ స్థలాలలోనూ పనిచోట్లలోనూ పాలివ్వడాన్ని కళంకంగా చూడరాదన్నది. స్త్రీల గౌరవానికి భంగం కలిగించే ఆచారాలను విడనాడటం 51ఎ అధికరణం ప్రకారం ప్రతి పౌరుని ప్రాథమిక విధి అని గుర్తుచేసింది. కాబట్టి బస్సులో తల్లిని సూటిపోటి మాటలనేవాడు తాను మర్యాదను కాపాడుతున్నానని అనుకోరాదు. తన విధిని మరచినవాడు అతడే.

చట్టాలలో వయసు లెక్కలు కొంత తికమకగా ఉన్నవి. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం ఇచ్చినట్టే, దాని స్థానంలో వచ్చిన 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి కూడా, తిరిగి పనిలో చేరిన తల్లికి పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇస్తుంది. ఆ విరామాలు బిడ్డకు 15 నెలలు వచ్చేవరకే. యాభైమంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో శిశుసంరక్షణ గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్ళి రావచ్చునని కూడా నిబంధన ఉన్నది. మరొకవైపు 1992లో చేసి, 2003లో సవరించిన పాలపొడి నియంత్రణ చట్టం, రెండేళ్ళలోపు పిల్లల ఆహారం పేరిట ప్రకటనలు చేయడాన్ని నిషేధించింది. అంటే రెండేళ్ళ వరకు తల్లిపాలను వ్యాపారం నుండి కాపాడవలసి ఉన్నదని చట్టమే ఒప్పుకొన్నది. 15 నెలల హద్దు జీతంతో కూడిన విరామానికి సంబంధించినది; పాలిచ్చే హక్కుకు సంబంధించినది కాదు. ఈ రెంటినీ కలిపివేసి "పదిహేను నెలలు దాటితే హక్కు లేదు" అని చెప్పడం పొరపాటు.

మహారాష్ట్రలో ఎస్టీ బస్‌స్టాండులలోని పాలిచ్చే గదులకు "హిరకణీ కక్ష" అని పేరు. హిరకణీ కథ తెలియని మరాఠీ బిడ్డ ఉండడు; తెలుగు పిల్లలకూ అది తెలియాలి. శివాజీ మహారాజు కాలంలో పాలు అమ్ముకోవడానికి ఆమె రాయగడ కోట ఎక్కిందట. సాయంకాలం కోట తలుపులు మూశారు. తెల్లవారేదాకా తెరవరు. ఇంటివద్ద పాలు తాగే బిడ్డ ఉన్నది. ఆమె చీకటిలో, నిటారైన కొండచరియ దిగి బిడ్డను చేరుకొన్నది. ఆ సంగతి తెలిసిన మహారాజు ఆమెను శిక్షించలేదు. సత్కరించి, ఆమె దిగిన చోట బురుజు కట్టించి ఆమె పేరు పెట్టించాడని చెబుతారు. బిడ్డ ఆకలి ముందు కోట తలుపుల నియమమే తలవంచిందన్నది ఆ కథ సారాంశం. ఆమె పేరు పెట్టుకొన్న గదికి తాళం వేసి ఉంచినా, "గదిలోకి పో, ఇక్కడ ఇవ్వకు" అని తల్లిని తరిమినా ఆ పేరుకు అవమానమే.

గది సౌకర్యం మాత్రమే. హక్కుకు షరతు కాదు. చాటు కోరే తల్లికి గది ఉండాలి. అక్కరలేని తల్లి బెంచీ మీదనే కూర్చొని కొంగు చాటున పాలివ్వవచ్చు. వరుసలో నిలబడిన తల్లి తన వంతు పోగొట్టుకొని గది వెతుక్కొంటూ పోనక్కర లేదు. నడిచే బిడ్డ పావుగంట సేపు కదలక తాగదు. రెండు గుక్కలు తాగి, నాలుగు అడుగులు పరుగెత్తి, మళ్ళీ వస్తుంది. అటువంటి బిడ్డ కోసం ప్రతిసారీ గదికి పోవడం ఏ తల్లికీ సాధ్యం కాదు.

గది కట్టినప్పుడు ఎట్లుండాలో కూడా పౌరులు తెలుసుకొని వార్డు కార్యాలయంలో అడగాలి. అది మరుగుదొడ్డికి ఆనుకొని ఉండరాదు. తాము భోజనం చేయలేని చోట బిడ్డను భోజనం చేయమనకూడదు. వీపు ఆనించుకొనే కుర్చీ, లోపలి గడియ, దీపం, పంకా, చేతులు కడుక్కొనే కుళాయి, తాగునీరు కావాలి. వెంట వచ్చే పెద్దపిల్లకు ఒక చిన్న పీట కావాలి. లోపల కెమెరా ఉండరాదు. ఆఖరి బస్సు వెళ్ళేవరకు తెరచి ఉండాలి. పలక మీద మరాఠీతోపాటు తెలుగు, కన్నడ, ఉర్దూ అక్షరాలూ ఉండాలి. సిద్ధేశ్వర యాత్రలోనూ మార్కండేయ రథోత్సవంలోనూ వేలమంది తల్లులు పిల్లలతో వస్తారు. తాగునీటి పందిరి వేసే సంఘాలు దాని పక్కనే నాలుగు తడికెలు కట్టి రెండు కుర్చీలు వేస్తే, ఖర్చు స్వల్పం, మేలు అధికం.

ఇంటివారికి కూడా ఒక మాట చెప్పవలసి ఉన్నది. దిష్టి తగులుతుందని అత్తగారికి భయముంటే కొంగు కప్పవచ్చు, ఇంటికి వచ్చి దిష్టి తీయవచ్చు; అంతేగాని బిడ్డ అడిగిన వేళకు పాలు ఆపనక్కర లేదు. భర్త చేయవలసిన పని మరీ సులువు. ఎవరైనా తల్లిని ఆక్షేపించినప్పుడు అతడు తల దించుకోక, "బిడ్డ అన్నం తింటున్నది, మీకేమి ఇబ్బంది?" అని నెమ్మదిగా అడిగితే చాలు. తోటి స్త్రీలు పక్కకు వచ్చి కూర్చొంటే ఆ తల్లికి కొండంత అండ.

హక్కు తల్లిది కనుక, మానివేసే నిర్ణయమూ ఆమెదే. ఏడాదికే చాలించిన తల్లిని గాని, ఆరోగ్యం వల్ల పాలు ఇవ్వలేకపోయిన తల్లిని గాని నిందించేందుకు ఈ మాటలను ఎవరూ వాడుకోరాదు. మాన్పించదలచినవారు మెల్లమెల్లగా, ఒక్కొక్క పూట తగ్గించుకొంటూ మాన్పించాలి. ఎప్పుడు మాన్పించాలో చెప్పే అధికారం బస్సులో ఎదుటి సీటువారికి లేదు, చట్టం వారికి ఇవ్వలేదు.

ఈ వారోత్సవం ముగిసేలోగా ప్రతి తెలుగు పేటవారు ఒక పని చేయవచ్చు. తమ దగ్గరి బస్‌స్టాండులో, ఆసుపత్రిలో, కార్పొరేషన్ కార్యాలయంలో పాలిచ్చే గది ఉన్నదా, తెరచి ఉన్నదా చూసి రావాలి. లేకుంటే నలుగురు తల్లుల సంతకాలతో వార్డు కార్యాలయంలో అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. అడగనిదే అమ్మయినా పెట్టదన్న సామెత పౌరులకూ వర్తిస్తుంది. నడక నేర్చిన బిడ్డ ఆ పాఠం ఎప్పుడో నేర్చుకొన్నది. పెద్దలు నేర్చుకోవలసి ఉన్నది.