గది చివర కూర్చున్నవారి మాట



ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు రేపు ప్రభుత్వ శాఖల్లో సమాచార భద్రతా విధానాలు ఖరారు చేసే సమావేశాల్లో కూర్చుంటారు. అక్కడ ఎవరి మాట వినబడుతుందన్నదే నన్ను చాలాకాలంగా కలవరపెడుతున్న విషయం.

2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్లపై సైబర్ దాడి జరిగింది. సుమారు రెండు వారాలు ఓపీ, ల్యాబ్ పనులన్నీ కాగితాల మీదే నడిచాయి. నెట్‌వర్క్‌ను సరిగ్గా విభజించకపోవడం వల్లే ఇలా జరిగిందని కేంద్రం రాజ్యసభలో చెప్పింది. ఏ కార్యాలయంలోనైనా ఇలాంటి లోపం ముందుగా కంటపడేది సర్వర్ గదిలో పనిచేసేవారికే. పై అధికారి "అంతా బాగానే ఉంది" అన్నాక, కాంట్రాక్టు ఉద్యోగి లేచి "లేదు సార్" అనగలడా?

ఈ చిక్కుకు 1980లలో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయంలో జే నునమేకర్ బృందం ఒక దారి చూపింది. సమావేశంలో ప్రతి ఒక్కరి ముందూ కంప్యూటర్ ఉంటుంది. అందరూ ఒకేసారి టైప్ చేస్తారు, పేర్లు కనిపించవు. వచ్చిన ఆలోచనలను కలిపి, వర్గీకరించి, ఓట్లు వేస్తారు. బృంద నిర్ణయ సహాయక వ్యవస్థ అంటే ఇదే. మాట ఎవరిదో తెలియదు కనుక, అందులో పస ఎంతో చూడక తప్పదు.

ఓట్ల సగటును మాత్రం నమ్మకండి. బ్యాకప్‌లకు ముప్పు ఎంతో పదికి అంచనా వేయమంటే, సగం మంది 9, సగం మంది 1 వేశారనుకోండి. సగటు 5. "మధ్యస్థం" అని రాసి ఫైలు మూసేస్తారు. 9 వేసినవారికి తెలిసినదేమిటో అడగొద్దా? అమెరికా పరిశోధనా సంస్థ ర్యాండ్ 1950లలో రూపొందించిన డెల్ఫీ పద్ధతిలో అందరి అంచనాలనూ పేర్లు లేకుండా బృందం ముందుంచి, మళ్లీ అడిగేది అందుకే.

పేరు లేకపోతే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న సబబైనదే. చర్చకు పేరు అక్కర్లేదు, నిర్ణయానికి కావాలి. కింద సంతకం మనిషే చేయాలి.

అయితే పేర్లు దాచడం ఒక్కటే చాలదు, గదిలో ఎవరున్నారన్నదీ ముఖ్యమే. సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లో తనకు తెలియజేయాలని, లాగ్‌లను 180 రోజులు ఉంచాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. అర్ధరాత్రి ఫోన్ ఎత్తేదెవరో, మండల కార్యాలయంలో ఆ లాగ్‌లు దాచే చోటు ఉందో లేదో అక్కడ పనిచేసేవారే చెప్పగలరు. వారిని పిలవని సమావేశానికి ఎంత మంచి సాఫ్ట్‌వేర్ తెచ్చినా ఆ మాట బయటికి రాదు.

మీకు అధికారం వచ్చిన రోజున వారికి కుర్చీ వేయించండి. మీ అభిప్రాయం అందరికంటే చివర చెప్పండి.