కొండవాలు - శాసనరక్ష

2024వ సంవత్సరము జూలై 30వ తేదీ వేకువజామున కేరళమందలి వయనాడులో కొండచరియలు విరిగి ముండక్కై, చూరల్‌మల గ్రామములపై బడి వందలమందిని బలిగొన్నవి. కుండపోతవాన నాపుట మన చేతిలో లేదు. ఏటవాలును ద్రవ్వి, చెట్లు నఱకి, నీటిదారిని మూసి ముప్పును పెంచకుండుట మన చేతిలోనిదే.

కొండను దొలుచుటకు ముందే ప్రశ్నింప శాసనము త్రోవ చూపినది. 2006 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటన ననుసరించి 20,000 చదరపు మీటర్లును, అంతకు మించియు నుండు కట్టడములకు ముందుగా అనుమతి వలయును. పెద్ద గనుల విషయమున ప్రజాభిప్రాయ సభ జరుగవలెను. కనీసము 30 దినముల ముందు దానిని ప్రకటింపవలెను. నివేదిక సారమును స్థానిక భాషలో నుంచవలెను. భవనములకు మాత్ర మీ సభ లేదు. కావున వాని అనుమతిపత్రమును కనిపెట్టి యుండుడు. అది వెలువడిన 30 దినములలో, తగిన కారణము చూపినచో మఱి 60 దినములలో, బాధితులు జాతీయ హరిత ట్రిబ్యునలునకు అప్పీలు చేసికొనవచ్చును.

వాలు ఎంత? వాననీ రెటు పోవును? త్రవ్విన మన్నెచట బోయుదురు? దిగువ యిండ్ల గతి యేమి? ఈ నాలుగింటిని వ్రాతమూలముగా నడుగుడు. కొండ విరిగిన పిదప శాసనము పరిహారము నీయగలదు గాని ప్రాణము నీయజాలదు.