ఏ విశ్వవిద్యాలయం ఎవరికి నప్పుతుంది

హన్మకొండ, కాజీపేట, వరంగల్ కలిసిపోయిన ఈ నగరంలో ఒక ఆటో ఎక్కి దిగేంత దూరంలో మూడు రకాల ఉన్నత విద్య దొరుకుతుంది. 1959 అక్టోబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల 2002లో ఎన్‌ఐటీ అయింది. అందులో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి, సగం మిగతా దేశానికి. హాస్టల్ గదిలో బిహార్ పిల్లవాడూ భూపాలపల్లి పిల్లవాడూ పక్కపక్కనే పడుకుంటారు. అదే 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీ విద్యార్థికి అసలు తరగతి గది ఎంజీఎం ఆసుపత్రి వార్డు. ఉత్తర తెలంగాణ నలుమూలల నుంచి వచ్చే రోగులే అక్కడ పాఠం. విద్యారణ్యపురిలోని కాకతీయ విశ్వవిద్యాలయానిది మరో తీరు. సైన్సు, సాహిత్యం, ఫార్మసీ, సామాజిక శాస్త్రాలు ఒకే ప్రాంగణంలో ఉంటాయి. చదివేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల జిల్లాల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. ఈ మూడింటిలో ఏది గొప్పదన్న ప్రశ్నకు అర్థం లేదు. ఏది ఎవరికి నప్పుతుందన్న ప్రశ్నకు మాత్రం జవాబు ఉంది, దాన్ని వెతికి పట్టుకోవచ్చు కూడా.

నప్పడంలో మొదటి లెక్క దూరం. కాకతీయ విశ్వవిద్యాలయం పుట్టుకే దీనికి సాక్ష్యం. ఉస్మానియా వాళ్లు ఇక్కడ పీజీ సెంటరు పెట్టేదాకా వరంగల్, ఖమ్మం, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో డిగ్రీ పూర్తిచేసినవాళ్లకు ఎం.ఏ., ఎమ్మెస్సీ అంటే హైదరాబాదే. ఆ సెంటరే ఎదిగి 1976 ఆగస్టు 19న సొంత విశ్వవిద్యాలయమైంది. హైదరాబాదులో గది అద్దె కట్టలేని ఇళ్ల పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఆ మార్పుతో పీజీ చదువు చేతికందింది. శనివారం సాయంత్రం బస్సెక్కి చీకటి పడకముందే ములుగు, పరకాల, నర్సంపేట చేరగలగడం చిన్న విషయం కాదు. చదువు మధ్యలో ఆగిపోకుండా నిలబెట్టేది చాలామంది విషయంలో ఇదే. దగ్గరి విశ్వవిద్యాలయాన్ని ఎంచుకున్న విద్యార్థిని ఆశ తక్కువైనవాడని అనుకోవడం అన్యాయం.

రెండో లెక్క ర్యాంకు. దానికి ఇవ్వాల్సినంత విలువే ఇవ్వాలి. కేంద్రం 2016 నుంచి ప్రకటిస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ జాబితాల్లో ఇంజనీరింగ్ సంస్థలకు బోధన, వనరుల కింద 30 మార్కులు, పరిశోధనకు 30, చదువు ముగించినవాళ్ల ఫలితాలకు 20, అన్ని ప్రాంతాలను, వర్గాలను కలుపుకోవడానికి 10, పేరుప్రతిష్ఠలకు 10 ఇస్తూ వచ్చారు. పరిశోధన మార్కులు ప్రచురించిన పత్రాలు, పేటెంట్ల లెక్క మీద నడుస్తాయి. పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లకు అది పనికొస్తుంది, డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థికి దానితో పెద్దగా సంబంధం లేదు. తరగతులు రోజూ జరుగుతాయా, ల్యాబులో పరికరం పనిచేస్తుందా, హాస్టల్లో నీళ్లు వస్తాయా అన్నవి ఏ ర్యాంకులోనూ కనిపించవు. నాక్ గుర్తింపు కోసం సంస్థ రాసుకునే స్వీయ అధ్యయన నివేదిక ఇంతకంటే ఉపయోగం. అది సంస్థ వెబ్‌సైటులో అందరికీ దొరుకుతుంది. ఒక్కో విభాగంలో ఎంతమంది అధ్యాపకులున్నారో, ఎంతమంది విద్యార్థులున్నారో అందులో ఉంటుంది. అక్షరం వదలకుండా చదవాల్సిన పత్రం అది. చదివేవాళ్లు మాత్రం బహు తక్కువ.

పత్రం తర్వాత చూడాల్సింది విభాగం వరండాలోని నోటీసు బోర్డు. మామూలుగా టైమ్‌టేబుల్ అక్కడే అంటిస్తారు. ప్రతి పేపరుకు ఎదురుగా బోధించేవారి పేరు రాసి ఉందా? ఒకే పేరు నాలుగైదు గడుల్లో తిరుగుతోందా? ఆ పేరున్నవాళ్లు రెగ్యులర్ వాళ్లా, కాంట్రాక్టు వాళ్లా, పార్ట్‌టైమ్ వాళ్లా? రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి నియామకాలు లేక పోస్టులు ఖాళీగా ఉండిపోయాయి. ఆ భారమంతా కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులే మోశారు. వారిలో అద్భుతంగా చెప్పేవాళ్లు ఎందరో ఉన్నారు. అయితే వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని అధ్యాపకుణ్ని నమ్ముకుని రెండేళ్ల ప్రాజెక్టు మొదలుపెట్టే విద్యార్థికి ఆ సంగతి ముందే తెలిసుండాలి.

పరిశోధనకు వెళ్లేవాళ్ల విషయంలో సంస్థ కన్నా గైడు ముఖ్యం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి మార్గదర్శనం చేయకూడదు. పదవీ విరమణకు మూడేళ్ల లోపు ఉన్నవారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. కాబట్టి ఆ గైడు దగ్గర ఇప్పటికే ఎంతమంది ఉన్నారు, గత అయిదారేళ్లలో ఎందరికి పట్టా వచ్చింది, ఎందరు మధ్యలో మానేశారు అని అడగడం అమర్యాద కాదు. ఆ ప్రశ్నకు చిరాకుపడే చోట ఆరేళ్లు గడపడం కష్టం.

అసలు తరగతి అన్నదే ఉందా అని అడగాల్సిన పరిస్థితీ తెలుగు విద్యార్థులకు ఎదురైంది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అమెరికా అధికారులు దాడి చేశారు. అక్కడ పేర్లు నమోదు చేసుకున్న వందలాది మందిలో అత్యధికులు భారతీయులు, వారిలోనూ ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ వాళ్లు. కొందరి కాళ్లకు నిఘా పరికరాలు తగిలించారు. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం అంతకన్నా దారుణం. వీసా మోసాలను పట్టుకోవడానికి అధికారులే మారుపేర్లతో నడిపిన ఆ సంస్థలో పాఠం చెప్పేవాళ్లు లేరు, తరగతులూ లేవు. పట్టుబడ్డ వంద మందికి పైగా విద్యార్థుల్లో తెలుగువాళ్లు ఎక్కువ. ఈ పిల్లల్లో కొందరికి సంగతి తెలుసు, కొందరు కన్సల్టెన్సీ మాట నమ్మి వెళ్లారు. అప్పు చేసి పంపిన తల్లిదండ్రులకు మాత్రం రెండింటి ఫలితమూ ఒక్కటే. మొదటి సెమిస్టర్ నుంచే పూర్తికాలపు పని చేసుకోవచ్చని చెప్పే చోట చదువు గురించి రెండింతలు వాకబు చేయాలి.

ఇక భాష. తెలుగు మీడియంలో డిగ్రీ చేసినవాళ్లకు పీజీ మొదటి సెమిస్టర్లో ఇంగ్లీషు పాఠం కొండలా కనిపిస్తుంది. అందువల్ల ఆ విశ్వవిద్యాలయం తమకు నప్పదని చాలామంది తొందరపడి తేల్చుకుంటారు. ఇది పొరపాటు. నప్పడమంటే ఇబ్బంది లేకపోవడం కాదు, ఇబ్బందిని దాటించే ఏర్పాటు ఉండటం. పాఠం అయ్యాక ఆగి తెలుగులో మరోసారి విడమరిచి చెప్పే అధ్యాపకుడు ఒకరున్నా, నోట్సు పంచుకునే సీనియర్లు ఇద్దరున్నా ఆ కొండ ఒక్క సంవత్సరంలో దిగుతుంది. ఆ ఏర్పాటు ఏదీ లేని పేరున్న సంస్థ కన్నా అది ఉన్న మామూలు విభాగం మేలు.

ప్రాంగణ జీవితం గురించి అడిగేటప్పుడు ఉత్సవాల వీడియోలు చూసి తృప్తిపడటం తేలిక. తెలియాల్సినవి మాత్రం రోజువారీ సంగతులు. లైబ్రరీ రాత్రి ఎన్నింటిదాకా తెరిచి ఉంటుంది, పరీక్షల ముందు కూర్చోడానికి చోటు దొరుకుతుందా, ఆడపిల్లల హాస్టలు గేటు ఎన్నింటికి మూస్తారు, ఆ వేళకూ లైబ్రరీ వేళకూ పొంతన ఉందా అన్నవి అడగాలి. ఈ చివరి ప్రశ్న అమ్మాయిల చదువును నేరుగా తాకుతుంది. మెస్సులో నెల ఖర్చును తిన్నవాళ్ల మధ్య పంచి బిల్లు వేసే చోట స్కాలర్‌షిప్ ఆలస్యమైతే ఆ డబ్బు ఎవరు కడతారో ముందే తెలుసుకోవాలి. స్కాలర్‌షిప్ డబ్బులు పడేదాకా ఓపికపట్టే హాస్టలూ ఉంటుంది, పట్టనిదీ ఉంటుంది. ర్యాగింగ్ మీద రాష్ట్ర చట్టం 1997 నుంచి ఉంది, యూజీసీ నిబంధనలు 2009 నుంచి ఉన్నాయి. కాగితం మీద అన్నిచోట్లా కమిటీ ఉంటుంది. ఫిర్యాదు చేసినవాళ్లకు ఆ తర్వాత ఏమైందన్నదే అడగాల్సిన మాట.

మాట్లాడే స్వేచ్ఛ కూడా ప్రాంగణంలో భాగమే. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విశ్వవిద్యాలయం విద్యార్థులను బహిష్కరించినప్పుడు ఆ సెగ హన్మకొండ కళాశాలకూ తగిలింది. అక్కడ చదువుతున్న పి.వి. నరసింహారావు బయటికి రావాల్సి వచ్చింది. బహిష్కృతులను నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. ఒక చోట నేరమైన పాట మరో చోట అర్హతకు అడ్డు కాలేదు. తర్వాతి కాలంలో తెలంగాణ ఉద్యమంలో కాకతీయ విశ్వవిద్యాలయం ఉస్మానియాతో పాటు ముందు నిలిచింది. అంతకుముందు ఇక్కడ ఉపకులపతిగా పనిచేసిన కొత్తపల్లి జయశంకర్ ఆ ఉద్యమానికి సిద్ధాంతకర్త అయ్యారు. ఇలాంటి ప్రాంగణంలో సభలుంటాయి, బందులుంటాయి, కొన్ని పరీక్షలు వాయిదా పడతాయి. ఒకరికి అది జీవితాంతం గుర్తుండే చదువు. మరొకరికి ఉద్యోగానికి అడ్డొచ్చిన జాప్యం. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు, తనది ఏ స్వభావమో విద్యార్థికి తెలిసి ఉంటే చాలు.

వీటన్నిటికీ నమ్మదగ్గ జవాబులు పట్టా పుచ్చుకుని వెళ్తున్నవాళ్ల దగ్గరే ఉన్నాయి. దోస్త్, ఎప్‌సెట్, సీపీగెట్ వెబ్ ఆప్షన్ల రోజుల్లో ఊరి నుంచి తమ్ముళ్లు, చెల్లెళ్లు ఫోన్ చేసేది వీళ్లకే. “బాగుంటది, పెట్టుకో” అన్న ఒక్క మాటతో ఆ ఫోన్ ముగిస్తే అవతలివాళ్లకు నష్టం. ఏ పేపరు ఎవరు చెప్పారు, ఏ సెమిస్టర్లో ల్యాబు జరగలేదు, జబ్బు చేసినప్పుడు ఎవరు పట్టించుకున్నారు, ఏది మళ్లీ ఎంచుకుంటారు, ఏది ఎంచుకోరు అన్నది విడమరిచి చెప్పడం పట్టభద్రుల బాధ్యత. తమ సంస్థను తక్కువ చేసినట్టవుతుందన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు.

అన్నీ చూసుకుని చేరాక కూడా నప్పకపోవచ్చు. అప్పుడు బయటపడే దారి ఉంది. యూజీసీ 2018 నోటిఫికేషన్ ప్రకారం ప్రవేశాల ఆఖరి తేదీకి 15 రోజులు, అంతకంటే ముందు సీటు వదులుకుంటే రుసుము మొత్తం వెనక్కి ఇవ్వాలి, ప్రాసెసింగ్ కింద కొద్ది మొత్తమే కోయవచ్చు. 15 రోజుల లోపైతే 90 శాతం, ఆఖరి తేదీ దాటిన 15 రోజుల వరకు 80 శాతం, 16వ రోజు నుంచి 30వ రోజు వరకు 50 శాతం ఇవ్వాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు సరిచూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలి, దగ్గర ఉంచుకోకూడదు. ఈ నిబంధన తెలియకే చాలామంది నచ్చని చోట ఏళ్లు గడుపుతారు. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనల కింద అప్పటిదాకా సంపాదించిన క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్లు నిల్వ ఉంటాయి. అయితే వాటిని ఒప్పుకునేదీ లేనిదీ కొత్తగా చేరే సంస్థ చేతిలో ఉంటుంది. అందుకే అక్కడి నుంచి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకున్నాకే ఇక్కడ టీసీకి దరఖాస్తు పెట్టాలి.