ఒకే పంక్తిలో ఆదివారపు భోజనం
(శనివారపు సత్సంగంలో గోదావరిఖనికి చెందిన ఒక విశ్రాంత గని కార్మికుడు చేసిన ప్రసంగ పాఠం)

 

నేను పండితుడను కాను. ముప్పై ఏండ్లు సింగరేణి భూగర్భ గనిలో పనిచేసినవాడను. పెద్దలు అన్నం పరబ్రహ్మ స్వరూపమన్నారు. ఆ మాట నాకు ఆలస్యంగా బోధపడిన తీరును మీకు విన్నవించుకొంటాను.

గని కార్మికుని ఇంట గడియారం ఒకటే గాని భోజనవేళలు మూడు. నాకు మొదటి షిఫ్టు, పెద్దవానికి రెండవ షిఫ్టు, చిన్నవానికి రాత్రి షిఫ్టు. ఆదివారం నాడైనా కలిసి తిందామంటే 'ప్లే డే' డ్యూటీకి రెట్టింపు వేతనమని ఎవరో ఒకరం బావి దిగేవారం. ఒకే ఇంట నాలుగు కంచాలు నాలుగు వేళల్లో కడిగేవారు.

దసరా ముందు లాభాల వాటా, దీపావళికి బోనస్ చేతికి వచ్చే రోజుల్లో లక్ష్మీనగర్ దుకాణాల ముందు తగ్గింపు ధరల బోర్డులు వెలుస్తాయి. ఒకటి కొంటే ఒకటి ఉచితమంటే నేను రెండు సంచులు నింపుకొని వచ్చేవాడిని. ఒకనాడు నా ఇల్లాలు కందిపప్పు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. నిండా పురుగులే. "ఇది మీరు బావిలో కార్చిన చెమట. నా చేతులతోనే పారబోయమంటారా?" అన్నది. నాకు నోట మాట రాలేదు. అప్పటికి కిరాణా ఖాతాలో బాకీ కూడా తీరలేదు.

నాటి నుండి మా ఇంట ఒక నియమం పెట్టుకొన్నాము. గురువారం సాయంత్రం ముందుగా వంటింటి డబ్బాలు చూస్తాము. ఉన్నదేదో, లేనిదేదో కాగితంపై వ్రాస్తాము. ఆ తరువాతనే సూపర్ బజార్‌లోను, తక్కిన అంగళ్లలోను వేటికి ధర తగ్గినదో విచారిస్తాము. ధర తగ్గినదని వస్తువు కొనము. కావలసిన వస్తువుకు ధర తగ్గితే కొంటాము. ఈ రెండింటికీ ఎంతో భేదమున్నది. పెద్ద ప్యాకెట్టు ఎల్లప్పుడూ చౌక కాదు. దానిపై ముద్రించిన గ్రాము ధరనో, కిలో ధరనో పోల్చి చూడండి. గడువు తేదీ కూడా చూడండి. కూరగాయలు మాత్రం అంగడి ముగిసే వేళకు వెళ్లి తెచ్చుకొంటాము.

ఏది చౌకగా దొరికితే దానిని బట్టి ఆదివారపు వంట. గంగవాయిలి కూర దొరికితే పప్పులో వేస్తాము. మామిడికాయల కాలంలో మామిడికాయ పప్పు. ఏమీ కుదరకపోతే పచ్చిపులుసు, సర్వపిండి ఉండనే ఉన్నవి. ఆదివారమంటే మాంసమే అనుకొనే మా బస్తీలో, శ్రావణ కార్తీక మాసాలు మాకు పొదుపును కూడా నేర్పినవి.

అయితే అన్నిటికన్న కష్టమైన నియమం మరొకటి ఉన్నది. నెలకు రెండు ఆదివారాలు ఎవ్వరమూ ప్లే డేకు వెళ్లరాదని నిశ్చయించుకొన్నాము. రెట్టింపు వేతనం వదులుకోవడం సులభం కాదు. చిన్నవాడు చాలా వాదించాడు. కాని సరకులలో వృథా తగ్గిన మేరకు ఆ లోటు కొంత పూడినది. మొదటి ఆదివారం అందరం ఒకే పంక్తిలో కూర్చున్నప్పుడు నా మనుమరాలు, "తాతా, ఈరోజు పండుగా?" అని అడిగింది. నా కండ్లు చెమర్చినవి. అవునన్నాను.

వంటకు బియ్యం కొలిచేటప్పుడల్లా నా ఇల్లాలు ఒక పిడికెడు వేరే కుండలో వేస్తుంది. నెల తిరిగేసరికి అది అన్నదానానికి చేరుతుంది. పురుగుల పాలైన పప్పు ఎవరి ఆకలీ తీర్చలేదు. ఈ పిడికెడు ఎవరో యాత్రికుని విస్తరిలో అన్నమవుతున్నది.

కనుక నా మనవి ఒక్కటే. అంగడికి వెళ్లే ముందు ఒకసారి మీ వంటింటిని దర్శించండి. వారానికొకసారి అందరూ కలిసి కూర్చొని తినండి. ఆ పంక్తిలో భగవంతుడు తప్పక ఉంటాడు.

స్వస్తి.