దీనదయాళుని గాజుపలకలు – మన గ్రామములలోని పటములు

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



వీధిదీపములు, మంచినీటి పథకములు విడిచి ఈ పూట పాత ఫొటోలను గూర్చి మాటలాడ వచ్చితినేమని మీలో కొందరు విస్తుపోవచ్చును. కొంచెము ఓపిక పట్టుడు, పంచాయతీ పనిలోనికే వత్తును.

రాజా దీనదయాళు (1844–1905) పేరు హైదరాబాదు వారు చాలమంది వినియే యుందురు. ఆయన మీరట్ సమీపమున సర్ధనా యను ఊర జన్మించెను. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ప్రభుత్వోద్యోగము చేయుచు, 1874 ప్రాంతమున కెమెరా చేపట్టెను. పిమ్మట ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పెను. పరదా పాటించు స్త్రీల కొఱకు 1892లో హైదరాబాదున ప్రత్యేకముగా జనానా స్టూడియో తెఱచి, దానిని ఒక ఆంగ్ల వనితకు అప్పగించెను. ఆ రోజులలో అది సామాన్యమైన ఆలోచన కాదు.

ఆనాడు పటము దిగుట యనగా చిన్న పని కాదు. వెండి లవణములు పూసిన గాజుపలకను పెద్ద కెమెరాలో అమర్చెడివారు. ఎదుట కూర్చున్నవాడు కదలిన ముఖము అలుక్కుపోవును. ఆ పలకను కోడిగ్రుడ్డు తెల్లసొన పట్టించి సిద్ధపఱచిన కాగితముపై నుంచి, ఎండలో పెట్టి బొమ్మ దింపెడివారు. నలుపు తెలుపు చిత్రములని మనమనుచున్నాము గాని, వానిలో పెక్కింటికి చింతగింజ వన్నె యుండును.

ఆయన గతించిన 84 ఏండ్లకు, 1989లో, ఆ స్టూడియోకు చెందిన 2,857 గాజుపలకలను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించెను. ఆ పలకల ఆధారమున 2010లో అచ్చట ప్రదర్శన జరిగెను. 2013లో కెనడా దేశపు టొరాంటో నగరమున రాయల్ ఒంటారియో మ్యూజియము వారును దీనదయాళు చిత్రములను ప్రదర్శించిరి. అంత పెళుసైన గాజు అన్నాళ్ళు నిలిచినదనగా, ఎవరో పూనికతో దాచిరన్నమాట.

ఆయన స్టూడియో చిత్రములలో ప్రసిద్ధమైనదొకటి మన వరంగల్లు జిల్లా నెక్కొండ దగ్గఱ 1902లో తీసినది. వైస్రాయి కర్జను ప్రభువును, ఆయన భార్యయు చచ్చిన పులి ప్రక్కన నిలిచియుందురు. చూచి మెచ్చుకొనవచ్చును. కాని అట్టి వేటలలో డప్పులు కొట్టి, కేకలు వేసి, పులిని పొదలనుండి వెడలగొట్టువారు గ్రామస్థులే గదా. వారి ముఖములు పటమున లేవు. వారి పేర్లు మనకు తెలియవు.

ఇక పంచాయతీ మాట. ఒక గ్రామ కార్యాలయమున బీరువా వెనుక ఒక ఫొటో చూచితిని. చెఱువుకట్ట శ్రమదానపు పటము, 16 మంది యున్నారు. వెనుక ఒక్క అక్షరము లేదు. సర్పంచి గారు ఒక వృద్ధురాలిని పిలిపించిరి. ఆమె పటమును కన్నులకు దగ్గఱగా పట్టుకొని 9 మందిని గుర్తించినది. గడ్డపార పట్టినవాడు ఆమె పెనిమిటి. “మా ఇంట ఈయన బొమ్మ ఒక్కటియు లేదు బాబూ” అన్నది. ఆ 9 పేర్లు అప్పుడే వ్రాయించితిమి.

మీరును ఈ నెలలోనే బీరువాలు వెదకుడు. పటము వెనుక అంచున మెత్తని పెన్సిలుతో తేలికగా పేర్లు, ఊరు, ఏడు వ్రాయుడు. బాలుపెన్ను వలదు, దాని ఒత్తు ముందువైపునకు దిగును. మైదా జిగురుతో అంటింపకుడు, పురుగు చేరును. ఎండ తగులు గోడకు వ్రేలాడదీయకుడు. మూతపడిన పాత స్టూడియోలలో గాజుపలకలున్నచో ఒకదానిపై నొకటి పేర్పక, నిలువుగా నుంచుడు. సెల్లుఫోనుతో నకలు తీయుట మంచిదే, అయినను అసలును పాఱవేయకుడు. అన్నిటికంటె ముందు పెద్దవారి యొద్దకు పొండు.

మఱుసటి ఏడు నేను ఆ గ్రామమునకు పోవునప్పటికి ఆ వృద్ధురాలు లేదు. తక్కిన 7 గురి పేర్లు చెప్పగలవారు ఊర నింకను దొరకలేదు.