పాత కాగితాల విలువ



నేను చరిత్ర చదివినవాణ్ణి కాను. చిత్తూరు జిల్లాలో ముప్పై మూడేళ్లు గుమాస్తాగా ఫైళ్లు మోసినవాణ్ణి. ఆ అనుభవంతోనే రెండు మాటలు మనవి చేస్తాను.

బ్రిటన్‌లో రోమన్ల సరిహద్దు కోట విండోలాండా. అక్కడ 1973లో పలుచని చెక్క పలకలు బయటపడ్డాయి. వాటిపై సిరాతో సరుకుల లెక్కలు, సైనికుల సెలవు అర్జీలు! చదవగానే మన సెక్షను గుర్తొచ్చింది.

మన నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి 1926లో వెలుగు చూసింది. సాగర్ నీటిలో మునుగుతుందని 1954 నుంచి 1960 వరకు లోయంతా తవ్వారు. కోటగోడ, అగడ్త, రోమన్ బంగారు నాణేలు, పోరులో పడిన వీరుల ఛాయాస్తంభాలు దొరికాయి. కొన్ని కట్టడాలను కొండపైన, అనుపులో తిరిగి నిలిపారు. తక్కినది నీటిపాలయింది. రాజుల పేర్లు, వీరుల పేర్లు రాతిమీద మిగిలాయి. ఆ కోటలోని రోజువారీ లెక్కలు మాత్రం మిగలలేదు.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. సర్వీసులో ఉండగా, గడువు తీరిందని కట్టలకొద్దీ రికార్డులు దగ్గరుండి తగలబెట్టించాను. రూలు ప్రకారమే చేశాను. 1952 కరువునాటి చెరువు పనుల మస్టర్లు అందులో ఉన్నాయి. మా నాయన ఆ పనిలో మట్టి మోశాడని మా అమ్మ తర్వాత చెప్పింది. ఆయన పేరున్న కాగితం ఇక ఎక్కడా లేదు.

కాబట్టి మిత్రులారా, అటకమీది పాత దస్తావేజులు, ఉత్తరాలు తూకానికి వేసేముందు ఒక్కసారి విప్పి చూడండి. మనవలకు చదివి వినిపించండి. సెలవు.