వారం రోజుల అతిథి
(యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేను పుట్టి పెరిగింది ఒంగోలులో. చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మాది చర్చికి వెళ్ళే కుటుంబం కాదు. అయినా ఈరోజు మీకు ఒక చర్చి కుర్రవాడి సంగతి చెప్పాలనుకుంటున్నాను. అది మన పిల్లల సంగతి కూడా.

ఇక్కడ మా ఇంటి దగ్గర ఒక బాప్టిస్టు చర్చి ఉంది. అందులో ఇరవై రెండేళ్ళ అమెరికన్ అబ్బాయి ఇంటర్న్‌గా చేరాడు. మన కంపెనీల్లో లాగే చర్చిల్లోనూ ఇంటర్న్‌లు ఉంటారు. కొన్ని నెలలు పాస్టరు గారి దగ్గర ఉండి పని నేర్చుకుంటారు. ఒక వారం విదేశంలో సేవ చేసి రావడం అతని శిక్షణలో భాగం. 2023 జనవరిలో నేను సంక్రాంతికి ఊరు వెళుతున్నానని తెలిసి, "మా అబ్బాయిని ఒంగోలు తీసుకువెళతారా?" అని పాస్టరు గారు అడిగారు.

ఒంగోలే ఎందుకని మీకు అనుమానం రావచ్చు. అమెరికన్ బాప్టిస్టులకు ఒంగోలు పేరు బాగా తెలుసు. 1854 జనవరి 1న, ఇంకా తెల్లవారకముందే, లైమన్ జ్యూయెట్ దంపతులు ముగ్గురు తెలుగువారితో కలిసి ఒంగోలులోని కొండెక్కి ప్రార్థన చేశారు. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ వచ్చి అక్కడ స్థిరపడ్డాడు. ఆయన అంతకుముందు అమెరికాలో భూముల సర్వే చేసిన మనిషి. 1876-78 కరువులో ఆ చదువు అక్కరకు వచ్చింది. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాయం సాగినన్నాళ్ళు బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తరువాత 1878 జులై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె మా కుర్రవాడికి కంఠతా వచ్చు. అయితే ఆ అంకెకు ముందు పన్నెండేళ్ళ కాపురం, నేర్చుకున్న తెలుగు, తవ్విన కాలువ ఉన్నాయి. అతని చేతిలో ఉన్నది ఏడు రోజులు.

పైగా వీసా సంగతి ఒకటుంది. టూరిస్టు వీసా మీద వచ్చిన విదేశీయుడు గుడికైనా చర్చికైనా వెళ్ళవచ్చు, ఆరాధనలో కూర్చోవచ్చు. అక్కడ ప్రసంగించకూడదు, కరపత్రాలు పంచకూడదు, మత ప్రచారం చేయకూడదు. దానికి వేరే మిషనరీ వీసా ఉంది. 2021 మార్చిలో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఓ.సి.ఐ. కార్డు ఉన్న మనవారైనా మిషనరీ పనికి ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. బయలుదేరే ముందే ఈ సంగతి చెప్పాను. పాపం, రాసుకున్న ప్రసంగం పెట్టెలోంచి తీసి పక్కన పెట్టాడు. "మరి నేను అక్కడ ఏం చేయాలి?" అని అడిగాడు. "మా అమ్మ ఏం చెబితే అది చెయ్యి" అన్నాను.

మా అమ్మ మొదటిరోజే చిక్కుడుకాయలు ముందు పెట్టి ఈనెలు తీయమంది. రెండోరోజుకి చెప్పులు గుమ్మం బయట విడవడం, కుడిచేత్తో కలుపుకుని తినడం వచ్చేశాయి. గోంగూర పచ్చడి మాత్రం మూడోరోజు దాకా లొంగలేదు. వీధిలో ప్రతివారూ "ఏం బాబూ, అన్నం తిన్నావా?" అని అడుగుతుంటే వీళ్ళకు తిండి ధ్యాస ఎక్కువనుకున్నాడు. అది మన కుశలప్రశ్న అని తెలిశాక తనే అందరినీ అడగడం మొదలుపెట్టాడు.

పక్కింటి పెద్దాయన మాత్రం నన్ను పక్కకు పిలిచి, "ఏరా, మతం మార్చడానికి తీసుకొచ్చావా?" అని సూటిగానే అడిగారు. ఆ ప్రశ్న అడిగే హక్కు ఆయనకుంది. "చూస్తూ ఉండండి బాబాయ్" అన్నాను. సంక్రాంతికి ఎడ్ల బండలాగుడు పందేలకు ఆ కుర్రవాణ్ణి వెంటబెట్టుకు వెళ్ళింది ఆయనే.

ఆదివారం దగ్గరలోని ఒక పల్లె చర్చికి వెళ్ళాం. ఉదయమే వెళ్ళి చాపలు పరిచాడు, మంచినీళ్ళ క్యాన్లు మోశాడు. మగవారు ఒకవైపు, తలపై కొంగు కప్పుకుని ఆడవారు మరోవైపు కూర్చున్నారు. హార్మోనియం, డోలక్, తాళాలతో పాటలు మొదలయ్యాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారు పంతొమ్మిదో శతాబ్దంలో రాసిన కీర్తనలు నేటికీ పాడుతున్నారు. ఈ పాటలు అమెరికా నుంచి వచ్చినవే అనుకున్న కుర్రవాడు ఆశ్చర్యపోయాడు.

ఆరాధన అయ్యాక కానుకల వేలం. డబ్బు లేనివారు పొలంలో పండింది, దొడ్లో కాసింది తెస్తారు. ఒక సొరకాయకు మావాడు "వంద!" అన్నాడు. వెనకనుంచి ఒకామె "నూటపది" అని పెంచింది. అమెరికా అబ్బాయి కదా అని వదిలిపెట్టలేదు! నూట యాభైకి దక్కింది.

వెళ్ళేముందు ఒక ముసలమ్మ అతని తలమీద చెయ్యి పెట్టి, "ఇంత దూరం మీ అమ్మ ఎట్టా పంపింది నాయనా?" అని, కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేసింది. ఏమందని అడిగాడు. "మీ అమ్మకు రాత్రిళ్ళు నిద్ర పట్టేలా చూడమని దేవుణ్ణి అడిగింది" అన్నాను. అతను ఏమీ మాట్లాడలేదు. కారులో కూర్చోగానే ఫోను తీసి వాళ్ళమ్మకు చేశాడు. అక్కడ అర్ధరాత్రి.

సేవ చేయడానికి వెళ్ళినవాడికే సేవ దొరికింది. ఒక వారంలో ఎవరినీ ఉద్ధరించలేం. మంచి అతిథిగా ఉండటానికి మాత్రం వారం చాలు.

ఇక మన పిల్లల సంగతి. వాళ్ళూ రెండేళ్ళకో మూడేళ్ళకో వారం, పదిరోజులు తాతగారి ఊరికి వెళతారు. మొహం మనదే గానీ, వాళ్ళూ విదేశీయులే. మనం చాక్లెట్లు, పాత బట్టలు ఇచ్చి "పంచిపెట్టి రండి" అని పంపుతాం. నా మనవి ఒక్కటే. పంచడం కంటే ముందు పుచ్చుకోవడం నేర్పండి. "ఎవరబ్బాయివి? అన్నం తిన్నావా?" అంటే తెలుగులో జవాబు చెప్పడం నేర్పండి. అమ్మమ్మ, నాయనమ్మలతో ముందే ఫోనులో చెప్పండి, పిల్లలకు ఏదో ఒక పని అప్పగించమని. చుట్టంచూపుగా కూర్చున్నవాళ్ళకు ఊరు ఫొటోల్లో మిగులుతుంది. చిక్కుడుకాయ ఈనెలు తీసినవాళ్ళకు మనుషులు గుర్తుంటారు.